సోమవారం అర్జీ ఇచ్చాం, ఫోన్‌కి ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఇప్పుడేం చేద్దాం?

డొంకదారి:
అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక చిన్న ఊరు. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఎస్సీ కాలనీ నుంచి శ్మశానానికి ఒక డొంక ఉండేది, ఎడ్లబండి పట్టేంత వెడల్పు. రెండు వైపులా పొలాల వాళ్లు ఏటా గట్టు కాస్త కాస్త జరుపుకుంటూ వచ్చారు, ఇప్పుడు పాడె మోసేవాళ్లు పక్కపక్కన నడవలేరు. వానాకాలంలో బురద. పోయిన వానల్లో ఒక పెద్దాయన చనిపోతే వరి చేలోంచి తీసుకెళ్లాల్సి వచ్చింది, చేను తొక్కారని అక్కడే గొడవ. ఆ తర్వాత మేం కుర్రాళ్లం వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఇంటికొకరు చొప్పున దాదాపు అందరూ చేరారు. జిల్లా కేంద్రానికి ఆటో కట్టించుకుని వెళ్లి అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. కొన్నాళ్లకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఊళ్లోకి ఎవరూ రాలేదు, కొలవలేదు, మమ్మల్ని అడగలేదు.

రెండు ప్రశ్నలు. అర్జీ మూసేశాక తర్వాతి మెట్టు ఏంటి? రెండోది, గ్రూపులో ఏం పెట్టినా అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు, మీటింగు అంటే మాత్రం మళ్లీ అదే ఆరేడుగురం. ఎందుకు?

పాతజెండా:
తమ్ముడూ, ముందు రెండోది మాట్లాడుకుందాం, మొదటిదానికి జవాబు కూడా అందులోనే ఉంది. బొటనవేలు బొమ్మ పెట్టడానికి ధైర్యం అక్కర్లేదు. మీటింగుకి వస్తే ఎవరెవరు వచ్చారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మీ కాలనీలో సగం మంది ఆ పొలాల్లోకే కూలికి వెళ్తుంటారు కదా? రేపు నాట్లకి పిలవకపోతే పొయ్యి ఎలా వెలుగుతుందన్నది వాళ్ల లెక్క. దాన్ని పిరికితనం అని మాత్రం అనొద్దు, అన్న రోజున మీ పని అయిపోయినట్టే.

మీటింగు ఎప్పుడు పెట్టారు? ఆదివారం పొద్దున పదింటికా? ఆ టైముకి ఆడవాళ్లు బట్టలు, నీళ్లు, సంత. ఎక్కడ పెట్టారు? మీ కుర్రాళ్లు కూర్చునే అరుగు మీద అయితే అక్కడికి ఏ ఆడమనిషీ రాదు.

గ్రూపు పక్కన పెట్టి ఇంటింటికీ వెళ్లండి. ఇద్దరేసి వెళ్లండి, ఒక కుర్రాడు, ఒక పెద్దావిడ. కరపత్రం చేతిలో పెట్టి వచ్చేయొద్దు, కూర్చోండి. వాళ్లకేం ఇబ్బందులున్నాయో అడగండి. డొంక గురించే అడగాలని లేదు. ఎక్కువసేపు వాళ్లే మాట్లాడాలి. ఇంటికొచ్చాక నోటుబుక్కులో రాసుకోండి, ఎవరి ఇంట్లో ఏ సమస్య, ఎవరు ఏ పని చేస్తామన్నారు, ఎవరు ఎవరి మాట వింటారు అని. గ్రూపులో ఎక్కువ మెసేజ్‌లు పెట్టేవాళ్లని చూసి నాయకులు అనుకోవద్దు. చావైనా పెళ్లైనా ఎవరు వచ్చి చెప్తే పది ఇళ్లు కదుల్తాయో ఆ మనిషిని పట్టుకోండి. చాలా ఊళ్లలో ఆ మనిషి ఒక యాభై ఏళ్ల ఆడమనిషే అయ్యుంటుంది, ఆమెకి ఫోను కూడా ఉండకపోవచ్చు.

తెల్లకాగితం:
అర్జీ మూసేశారని బాధపడొద్దు, అది మీ చేతికి దొరికిన కాగితం. ఏ అధికారి, ఏ తేదీన, ఏమని నివేదిక రాసి దాన్ని మూశాడో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఎవరూ ఊళ్లోకి రాకుండానే ‘స్థలం పరిశీలించాను’ అని రాసి ఉంటే ఆ ఒక్క కాగితంతో పై అధికారి ముందు నిలబడొచ్చు.

దరఖాస్తులో ‘ఎందుకు చేయలేదు’, ‘ఇది న్యాయమా’ అని రాస్తే ఒక్క ముక్క రాదు. చట్టం ఇచ్చేది రికార్డు, అభిప్రాయం కాదు. కాబట్టి రికార్డు పేరు పెట్టి అడగండి. ఆ డొంక సర్వే నంబరు తాలూకు ఎఫ్ఎంబీ (కొలతలతో గీసిన సర్వే పటం) నకలు, ఆర్ఎస్ఆర్‌లో (ఊళ్లో ఏ నంబరు ఏ రకం భూమో రాసిన పాత రెవెన్యూ రిజిస్టరు, పాతవాళ్లు డైగ్లాట్ అంటారు) ఆ నంబరు ఎదురుగా ఏముందో ఆ పేజీ నకలు, మీ అర్జీ మీద నడిచిన ఫైలు మొత్తం, నోట్ షీట్లతో సహా. ఆర్ఎస్ఆర్‌లో డొంక పోరంబోకు అని ఉంటే సగం పని అయినట్టే, అది ఎవరి పట్టా భూమీ కాదని ప్రభుత్వ రికార్డే చెప్తోంది.

మన దగ్గర రుసుము గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ ఉండదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, గడువు 30 రోజులు. ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కి రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి కాపీల డబ్బు తీసుకోకూడదు. ‘ఇది మా ఆఫీసుది కాదు’ అంటే ఊరుకోవద్దు, చట్టం 6(3) సెక్షన్ కింద వాళ్లే ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాలి.

ఇంకో మాట. ఒక్కరి పేరు మీద వేయొద్దు, నాలుగైదు ఇళ్ల నుంచి వేరువేరుగా వేయండి. ఒక్కడే వేస్తే వాడి మీద ఒత్తిడి తేవడం తేలిక.

చూశాంలే:
ఇవన్నీ బాగానే ఉంటాయి చదవడానికి. మా ఊళ్లో కూడా యువజన సంఘం అని పెట్టారు, బోర్డు కట్టారు, మొక్కలు నాటారు, ఆర్టీఐలు వేశారు. సర్పంచి ఎన్నికలు వచ్చేసరికి అధ్యక్షుడు ఒక పార్టీ కండువా, కార్యదర్శి ఇంకో పార్టీ కండువా. బోర్డు ఇప్పటికీ ఉంది, వెనకాల మేకల్ని కట్టేస్తారు. ఏ సంఘమైనా చివరికి ఎవడో ఒకడు పైకెక్కడానికే. డొంకదారి గారూ, మీలో ఎవడు పోటీ చేయబోతున్నాడో ఇప్పుడే చెప్పేయండి, టైము కలిసొస్తుంది :)

డొంకదారి:
అన్నా మీరు నవ్వుతూ అన్నా అది మా కాలనీలో అందరూ అంటున్న మాటే. ‘ఏంట్రా వార్డు మెంబరుకి వేస్తున్నావా’ అని.

బస్తీమనిషి:
మాది హైదరాబాద్‌లో ఒక బస్తీ. ఈ అనుమానానికి మా దగ్గర పనిచేసిన మందు చెప్తా. సంఘానికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు అని పదవులే పెట్టుకోలేదు. గల్లీకి ఇద్దరు బాధ్యులు, అందులో ఒకరు కచ్చితంగా ఆడమనిషి, ఏడాదికోసారి మార్చేయాలి. ఆఫీసుకి వెళ్లినప్పుడల్లా మనిషి మారాలి. మొదటిసారి మాట్లాడినవాడు రెండోసారి పక్కన ఊరికే కూర్చోవాలి, కొత్తమనిషి మాట్లాడాలి. అధికారులకి ఇది చిరాకు, వాళ్లకి ఒక్కడు కావాలి, వాడితో టీ తాగి మాట్లాడుకోవడం సులువు. అందుకే వాళ్లకి ఆ ఒక్కణ్ణి ఇవ్వొద్దు.

ఇక చందా. పది రూపాయలైనా రసీదు. లెక్క నెలనెలా అందరి ముందు పైకి చదవాలి, చదువురానివాళ్లు కూడా వినేట్టు. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర. మా పక్క బస్తీలో మంచి సంఘం ఒకటి ఫ్లెక్సీల డబ్బు గొడవతో పోయింది. ఎవడూ తినలేదు నిజానికి, లెక్క రాయలేదు అంతే.

మస్టరురోలు:
లెక్క పైకి చదవడం అన్నారు చూడండి, దానికో చరిత్ర ఉంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని 1990లో మొదలైంది, అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వాళ్లు. వాళ్లు 1994లో కరువు పనుల మస్టర్లు (ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో రాసే హాజరు పట్టీలు) సంపాదించి ఊరి మధ్యలో టెంటు వేసి పైకి చదివారు. ఫలానా మనిషికి ఇన్ని రోజుల కూలి ఇచ్చినట్టు ఉంది, ముట్టిందా అని. చచ్చిపోయినవాళ్ల పేర్లు, ఆ పనికే వెళ్లనివాళ్ల పేర్లు బయటపడ్డాయి. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా. ఆ దారే చివరికి 2005 సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. అంటే తెల్లకాగితం గారు చెప్తున్న చట్టం ఢిల్లీలో ఎవరికో మనసు కరిగి ఇచ్చింది కాదు, కూలోళ్లు మా కూలి లెక్క చూపించండి అన్న మాట మీద పుట్టింది.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్నే ఉపాధి హామీకి తెచ్చారు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కూడా మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ, అంటే జనమే లెక్కలు సరిచూసుకోవడం, ఉండేది, 2009లో దానికోసమే విడిగా ఒక సొసైటీ పెట్టారు. నేను అప్పట్లో తనిఖీకి వెళ్లేవాణ్ణి. కూలి కుటుంబాల పిల్లల్నే తీసుకుని శిక్షణ ఇచ్చి పంపేవాళ్లు, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి. ఇంటింటికీ మస్టరు పట్టుకెళ్లి ‘అక్కా, నువ్వు ఈ వారం పనికెళ్లావా’ అని అడిగేవాళ్లం. చివర్లో మండలంలో బహిరంగ సభ.

అక్కడ నేను చూసిందేంటంటే, ఊళ్లో భయపడి మాట్లాడనివాళ్లు మండల సభలో మైకు పట్టుకుని మాట్లాడేవాళ్లు. ముందురోజు రాత్రి పదిమంది కలిసి కూర్చుని ‘నేను ఇది చెప్తా, నువ్వు అది చెప్పు’ అని పంచుకున్న ఊళ్లలోనే అలా జరిగేది. పంచుకోని ఊళ్లలో సభ మొత్తం అధికారులే మాట్లాడేవాళ్లు.

పెన్నగట్టు:
మా నెల్లూరు సంగతి ఎవరూ ఎత్తలేదే! 1992లో కలిగిరి మండలం దూబగుంట. అక్షరదీపం అని రాత్రిబడులు పెట్టారు, వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుడు వల్ల ఒక ఇల్లు ఎలా పాడయిందో. చదువుకుంటున్న ఆడవాళ్లు ఇది మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ వాళ్లు కలిసి ఊళ్లో సారా అంగడి మూయించారు. పక్క ఊరు, దాని పక్క ఊరు, చివరికి జిల్లా మొత్తం. సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చుంటే వేలం వాయిదా మీద వాయిదా. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా నిషేధం, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం.

నేనెందుకు చెప్తున్నానంటే, ఆ ఆడవాళ్లు మొదలుపెట్టినప్పుడు రాష్ట్రాన్ని మారుద్దాం అనుకోలేదు. మా ఊరి అంగడి మూయాలి అన్నారు, అంతే. ఎవరు మూయాలో తెలుసు, మూసిందో లేదో కంటికి కనబడుతుంది. డొంకదారి తమ్ముడూ, మీది కూడా అలాంటి కోరికే. దాన్ని ‘దళితుల సమగ్ర అభివృద్ధి’ అని అర్జీలో పెంచకండి. ఇన్ని అడుగుల డొంక, ఇక్కడి నుంచి ఇక్కడికి, అని రాయండి.

చూశాంలే:
1997లో ఆ నిషేధం ఎత్తేశారు కదమ్మా. అది కూడా చెప్పండి.

పెన్నగట్టు:
చెప్తా అన్నా, దాచడానికేముంది. ఎత్తేశారు. ఉద్యమం ప్రభుత్వం చేతిలోకి వెళ్లాక ఆడవాళ్ల చేతిలో లేకుండా పోయింది, అది నిజమే. కానీ ఆ ఊళ్లలో కూర్చోవడం అలవాటైన గుంపులు అలాగే ఉన్నాయి. రోజుకో రూపాయి పొదుపు, పొదుపు లక్ష్మి అని మా జిల్లాలోనే ఊపందుకుంది, సారా మానిపించిన ఆడవాళ్లే దాంట్లో ముందున్నారు. ఇవాళ డ్వాక్రా అంటే ఏ పార్టీ అయినా లేచి నిలబడుతుంది కదా, దాని వెనక ఇది కూడా ఉంది. మీరు గెలిచిందా ఓడిందా అని మార్కులేస్తారు. మా అమ్మని అడిగితే వేరే చెప్తుంది, అంతకుముందు మగాళ్లు కూర్చున్న రచ్చబండ దగ్గరికి తను ఎప్పుడూ వెళ్లలేదట.

నల్లకోటు:
వృత్తిరీత్యా ఒక మాట. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దానికి 2015 సవరణ చేసి 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. శ్మశానాన్ని, దారిని ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం అందులో 3(1)(జెడ్ఏ) కింద స్పష్టంగా నేరం. 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. ఈ చట్టం కింద చేయాల్సిన పని కావాలని చేయని ప్రభుత్వోద్యోగి మీద కూడా, ఆ ఉద్యోగి ఎస్సీ ఎస్టీ కాకపోతే, 4వ సెక్షన్ ఉంది.

ఇది ఒక దారి. రెండోది, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం. డొంక పోరంబోకు అని తేలితే తహసీల్దారు 7వ సెక్షన్ కింద నోటీసిచ్చి, 6 కింద ఖాళీ చేయించొచ్చు. ఇది కులం కేసు కాదు, రెవెన్యూ పని. నేనైతే ముందు రెండోదే నడపమంటాను. మొదటిది బెదిరించడానికి వాడకండి. ఆ రోజు నిజంగా అడ్డుకున్నారా, ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నది ఇప్పుడే తేదీలతో రాసి సాక్షుల సంతకాలతో పెట్టుకోండి. వాడాల్సి వస్తే అప్పుడు పనికొస్తుంది.

పాతజెండా:
లాయరు గారు చెప్పింది సరిగ్గా ఉంది. దాని పక్కన ఇంకొకటి పెడతాను. కారంచేడు, 1985 జూలై 17. గొడవ మొదలైంది చెరువు నీళ్ల దగ్గర. ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరుకుని శిబిరం పెట్టుకున్నారు, ఊరికి తిరిగి వెళ్లం అన్నారు. దళిత మహాసభ అక్కడే పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. మధ్యలో ఇరవై మూడేళ్లు. అన్నేళ్లూ జనాన్ని పట్టి ఉంచింది కోర్టు వాయిదాలు కాదు, శిబిరం, పునరావాసం కోసం పోరాటం, కలిసి బతకడం. కేసు వేసేసి ఇక లాయరు చూసుకుంటాడులే అనుకుంటే ఆరు నెలల్లో మీ సంఘం ఆ ఆరేడుగురికి వచ్చేస్తుంది మళ్లీ.

గట్టుమీద:
నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను. నాది బీసీ రైతు కుటుంబం, ఎకరం ముప్పావు. మా ఊళ్లో కూడా ఇలాంటి డొంకే ఉంది, మా నాన్న హయాంలోనే గట్టు జరిగింది. ప్రతి గట్టు వెనకా దొర ఉన్నాడనుకోకండి. పై పొలం వాడు జరిపాడు కాబట్టి మావాళ్లు జరిపారు. ఇప్పుడు నేను ఒక్కణ్ణి వదిలితే పక్కవాడు నవ్వుతాడు. అందరికీ ఒకేరోజు కొలిస్తే నేను మాట్లాడకుండా వదిలేస్తాను, నాలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లతో ఎవరైనా మాట్లాడారా?

చూశాంలే:
అబ్బో. ఆక్రమించినవాళ్లని బతిమాలుకోవాలన్నమాట.

గట్టుమీద:
బతిమాలమనలేదు. మాట్లాడమన్నాను.

పాతజెండా:
గట్టుమీద గారి మాట నాకు నచ్చింది, అయినా ఒక జాగ్రత్త. మాట్లాడటానికి ఒక్కడు వెళ్లకూడదు, రాత్రిపూట వెళ్లకూడదు, వాళ్ల ఇంటి వాకిట్లో నిలబడి మాట్లాడకూడదు. పంచాయతీ ఆఫీసు లాంటి చోట, పగలు, నలుగురి ముందు. లేకపోతే రేపు అది ‘పెద్దమనుషుల రాజీ’ అయిపోతుంది, పెద్దమనుషుల రాజీలో డొంక ఎప్పుడూ సన్నబడుతుంది తప్ప వెడల్పు కాదు.

కలిసే దారి ఉంటుందనడానికి సోంపేట గుర్తుచేసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో బీల భూముల్లో (నీళ్లు నిలిచే చిత్తడి నేలలు) థర్మల్ ప్లాంటు అంటే చేపలు పట్టేవాళ్లు, రైతులు ఒక్కటయ్యారు, ఎందుకంటే ఆ నీళ్లు ఇద్దరికీ కావాలి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు పర్యావరణ అనుమతి రద్దయింది. మీ డొంక ఆ పొలాలకి ట్రాక్టరు వెళ్లడానికి కూడా పనికొస్తుంది కదా? పై పొలాల వాళ్లలో ఎవరికి దారి కావాలో కనుక్కోండి.

సెంటర్_టీచరమ్మ:
నేను అంగన్‌వాడీ టీచర్ని. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రా అంతా సమ్మె చేశాం, జనవరిలో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం) కూడా పెట్టారు, ఆ సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పేది లోపలి సంగతి. సమ్మెని నిలబెట్టింది పెద్ద సభలు కాదు. సెక్టార్‌కి, అంటే కొన్ని సెంటర్లు కలిపిన గుంపుకి, ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు, వాళ్ల పని సాయంత్రం ఫోన్లు చేయడం మాత్రమే. ఇవాళ శిబిరానికి రానిదెవరు, ఎందుకు రాలేదు. ఒకామెకి భర్త వద్దన్నాడు, ఇంకొకామెకి పిల్లకి జ్వరం, ఇంకొకామెకి ఆఫీసు నుంచి నోటీసు వచ్చి టెన్షన్‌తో నిద్రలేదు. నోటీసు వచ్చినామె ఇంటికి ఆ రాత్రికే నలుగురు వెళ్లేవాళ్లు. వెళ్లి ఏం చేసేవాళ్లు? ఏం లేదు, కూర్చుని అన్నం తినేవాళ్లు. మర్నాడు ఆమె వచ్చేది.

డొంకదారి బాబూ, మీలో ఎవరికైనా ‘నీకు కూలి లేదు పో’ అని పొలం వాళ్లు అంటే ఆ రాత్రి మీరేం చేస్తారో ముందే అనుకున్నారా? అది తేలకుండా ఎవరినీ ముందుకు నెట్టకండి.

డొంకదారి:
అనుకోలేదమ్మా. రాసుకున్నాను.

చూశాంలే:
నేను పుల్లవిరుపు మాటలు మాట్లాడినా ఒకటి ఒప్పుకుంటా, ఈ థ్రెడ్‌లో ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. సరే ఒక పనికొచ్చే మాట నేనూ చెప్తా. గ్రామసభ. మా తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఆంధ్రాలో 2024 ఆగస్టు 23న ఒకేరోజు 13,326 పంచాయతీల్లో సభలు పెట్టారు, పేపర్లో చదివాను. చాలాచోట్ల సభ అంటే సంతకాల పుస్తకం ఇళ్లకి తిప్పడమే. మీరు నిజంగా వెళ్లి తీర్మానం రాయించండి. రాశాక అక్కడే పైకి చదవమనండి, చదివాకే సంతకాలు. చాటింపు వేయకపోతే ఎందుకు వేయలేదో రాతపూర్వకంగా అడగండి. మావాళ్లు ఇదొక్కటీ చేసుంటే బోర్డు వెనక మేకలు ఉండేవి కావేమో.

డొంకదారి:
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

ఇంటింటికీ వెళ్లాం, మా మేనత్తని, ఇంకో ఇద్దరు పెద్దావిడల్ని వెంటపెట్టుకుని. మేమేమో డొంక గురించి చెప్పాలని వెళ్లాం, దాదాపు ప్రతి ఇంట్లో ఆడవాళ్లు చెప్పింది కుళాయి గురించి. చివరి వీధికి నీళ్లు ఎక్కట్లేదు, వాల్వు తిప్పేవాడు పై వీధులకే ఎక్కువసేపు వదులుతున్నాడు. మాకు తెలియదు ఈ సంగతి, నీళ్లు పట్టేది మేం కాదుగా. పాతజెండా అన్న చెప్పింది గుర్తొచ్చి ముందు అదే పట్టుకున్నాం. ఆడవాళ్లే బిందెలతో పంచాయతీ ఆఫీసుకి వెళ్లారు, మేం వెనకాల నిలబడ్డాం. ఏ వీధికి ఎప్పుడు వదలాలో టైములు రాసి గోడకి అంటించారు. చిన్న పనే. అయితే ఆ తర్వాత రాత్రి ఎనిమిదింటికి రామాలయం ఎదురుగా లైటు కింద కూర్చుందాం అంటే జనం వచ్చారు. మగాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ.

ఆర్ఎస్ఆర్ నకలు వచ్చింది. డొంక పోరంబోకు అనే ఉంది. అర్జీ ఫైలు కూడా వచ్చింది, తెల్లకాగితం గారు అన్నట్టే ‘స్థానికులను విచారించగా దారి సమస్య లేదు’ అని రాసుంది. స్థానికులెవరో పేర్లు లేవు. ఆ కాగితం గ్రామసభలో మా మేనత్త చేత చదివించాం, కూడబలుక్కుని చదివింది, సభలో నవ్వులే నవ్వులు. తీర్మానం రాశారు, చదివారు, సంతకాలయ్యాయి. సర్వేయరు వచ్చే తేదీ ఇచ్చారు.

పొలాల వాళ్లలో ఒకాయన, రెండు వైపులా కొలిస్తే నాకు అభ్యంతరం లేదు అన్నాడు, గట్టుమీద గారు చెప్పినట్టే. ఇంకొకాయన మాట్లాడట్లేదు. ఆయన పొలంలో మా కాలనీ ఆడవాళ్లని కలుపుకి పిలవడం మానేశాడు. టీచరమ్మ గారూ, మీ ప్రశ్న అప్పుడు వచ్చింది మా ముందుకి. పక్క ఊళ్లో పని ఎక్కడుందో కనుక్కుని ఆటో మాట్లాడి పంపుతున్నాం, ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదు. ఇద్దరు మాత్రం మాకెందుకొచ్చిన గొడవ అని పక్కకి తప్పుకున్నారు.

సర్వే రోజు మేం ఏం చూసుకోవాలి?

నల్లకోటు:
నోటీసు రెండు వైపుల పొలాల వాళ్లకీ ముందే అందిందో లేదో చూసుకోండి, అందకపోతే తర్వాత దానిమీదే కొట్టేయిస్తారు. కొలత ఏ రాయి నుంచి మొదలుపెట్టారో ఫోటో తీయండి. పంచనామా తెలుగులో రాయమనండి, ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. హద్దురాళ్లు అదేరోజు పాతించండి, తర్వాత పంపుతాం అంటే కుదరదనండి.

చూశాంలే:
రాత్రికి రాత్రి రాళ్లు పీకేస్తే?

నల్లకోటు:
అధికారులు పాతిన హద్దురాయి పీకడం నేరం. ప్రతి రాయికీ ఫోటో ఉంటే ఫిర్యాదు ఆ పూటే ఇవ్వొచ్చు.

పాతజెండా:
సర్వే పగలు జరుగుతుంది, అంటే వచ్చినవాళ్లందరికీ ఒకరోజు కూలి పోతుంది. ఎంతమంది రావాలి, ఎవరెవరు, వాళ్ల కూలి సంగతేంటి అన్నది ముందే తేల్చుకోండి. అందరూ రానక్కర్లేదు. గొడవకి దిగని పెద్దవాళ్లు ఉండాలి, మాట తూలే కుర్రాళ్లని ఆ రోజు ఊళ్లో వేరే పనికి పంపండి.

డొంకదారి:
మాట తూలేవాణ్ణి నేనే అని మా మేనత్త అంటోంది :) రేపు రాత్రి కూర్చుంటున్నాం. చందా పుస్తకం చదివాక కూలి సంగతి మాట్లాడతాం, వచ్చేవాళ్ల పేర్లు కూడా అప్పుడే రాసుకుంటాం.